రేచూపు: పరికరములును, పరాధీనతలును

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణము వద్ద తీరము దాటిన పిమ్మట ఆ నగరమున పెక్కు వాడలలో దినముల తరబడి విద్యుత్తు లేదు. వీధిదీపములును, ఇంటి దీపములును, రేవులోని దీపములును ఒక్కపెట్టున ఆరిపోగా, బుద్ధి యెరిగిన నాటినుండి నిజమైన రాత్రిని చూచి యెరుగని నగరవాసులు ఆ కొలది దినములలో దానిని చూచిరి. అట్టి రాత్రులలో ఒకనాడు నేను మేడమెట్లు దిగుచు, నడుమ ఒక మెట్టు కానరాక, చేతి టార్చి వెలిగించి ఆర్పితిని. ఆర్పిన మరుక్షణమున, అంతకుముందు మసకగానైనను తోచుచుండిన మెట్ల అంచులును, పిట్టగోడయు, పెరటిలో పడియున్న కొబ్బరిమట్టలును సమస్తము మాయమైనవి. టార్చి నాకు చూపు నిచ్చినదా, ఉన్న చూపును లాగికొన్నదా యని ఆ మెట్టుమీదనే నిలిచి కొంతసేపు ఆలోచించితిని. వేరు పనియు లేకుండెను.

ఆ యేడే విదేశములలో సెల్‌ఫోనుకు తగిలించుకొను థర్మల్ కెమెరా అంగడిలోనికి వచ్చినది. ఒకప్పుడు సైనికుల చేతులలో మాత్రమే యుండిన రాత్రిదృష్టి పరికరములు పౌరుల చేతులలోనికి దిగుచు వచ్చినవి. అమెరికాలో ఆపదలకు ముందుగా సన్నద్ధులై యుండవలెననియు, కరెంటును, అంగడిని, పోలీసును నమ్ముకొనక తమ ఇంటిని తామే కాచుకొనవలెననియు తలచు గృహస్థుల వర్గమొకటి కలదు. ధాన్యము, మందులు, నీటిపీపాలతో పాటు చీకటిలో చూచు కన్నును గూడ వారు సంపాదించుకొనుచున్నారు. మన వైపునను పొలము కాపలాకో, మామిడితోటకో, ఇంటి వాకిటికో ఇట్టిదొకటి కావలెనని అడుగువారు లేకపోలేదు. ప్రకటనలు చెప్పు దూరములను, మెగాపిక్సెళ్లను ప్రక్కనుంచి, ఒక ప్రశ్నను మాత్రము చేతబట్టుకొని ఈ పరికరములను పరిశీలింపదలచితిని: ఇది ఏ వెలుగును తిని బ్రదుకును? ఆ వెలుగు దొరకనినాడు దీని గతి యేమి? స్వయంపోషణ కొరకై కొనబడు వస్తువు తాను ఎందరి పోషణలో నున్నదో తెలిసికొనకుండ దానికి విలువ కట్టుట యెట్లు?

ఈ లెక్కన మొదటి పరికరము కన్ను. మానవ నేత్రమున వెలుగును గ్రహించు కణములు రెండు తెగలు: పగటివేళ రంగులను, సూక్ష్మరేఖలను చూచు శంకుకణములు సుమారు 60 లక్షలు, మసకవెలుగున పనిచేయు దండకణములు సుమారు 12 కోట్లు. దండకణములలోని రొడాప్సిన్ అను వర్ణద్రవ్యము వెలుతురు సోకగానే విడిపోవును. చీకటిలో మెల్లమెల్లగా తిరిగి కూడుకొనును. పూర్తిగా కూడుకొనుటకు అరగంట మొదలు ముప్పాతిక గంట పట్టును. మెట్లమీద నాకు జరిగినది ఇదియే: చీకటిలో కూడబెట్టుకొన్న దానిలో చాల భాగమును టార్చి రెండు క్షణములలో వ్యయము చేసినది. చీకటికి అలవడిన కన్నులపై హెక్ట్, ష్లేర్, పిరెన్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు జరిపి 1942లో ప్రకటించిన ప్రయోగములలో, అయిదారు ఫోటాన్లు దండకణములకు చేరినచో చాలు, మనుష్యుడు వెలుగు చూచితినని చెప్పగలడని తేలినది. వెలుగున ఫోటానుకంటె చిన్న నాణెము లేదు గనుక, కన్ను తన పనిలో ఇంచుమించు తుది హద్దునకు చేరియే యున్నదనవలెను.

అట్టి కన్ను మనకుండియు దానిని వాడుకొనుట మరచితిమి. ఎర్రని వెలుగు దండకణములను అంతగా అంటదు. టార్చి మొగమునకు ఎర్రని గాజుకాగితము రెండు పొరలు చుట్టి దారము కట్టినచో, కాగితము చదువుకొనవచ్చును, రేచూపు చెడదు. చూపు నడిబొడ్డున దండకణములు లేనందున, మసక నక్షత్రమును సూటిగా చూచినచో మాయమగును, ఓరగా చూచినచో నిలుచును. రాత్రివేళ గట్టు మీది రాతినైనను అట్లే చూడవలెను. ఇక రొడాప్సిన్ తయారగుటకు 'ఎ' విటమిన్ మూలద్రవ్యము. ఆ సంగతిని విప్పి చెప్పిన జార్జి వాల్డ్‌కు 1967లో నోబెల్ బహుమానము వచ్చినది. ఆ ద్రవ్యము కొరవడినప్పుడు వచ్చు జబ్బునకు మన భాష రేచీకటి యని ఎంత ముచ్చటగా పేరు పెట్టినదో! దీనికి మేక కాలేయమును వాడుమని సుశ్రుత సంహిత చెప్పినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారముగా 1970లో పసిబిడ్డలకు 'ఎ' విటమిన్ చుక్కలు పోయు కార్యక్రమము దేశమున ఆరంభమైనది. అయితే లోపము లేనివాడు మునగాకు బుట్టెడు తిన్నను పిల్లికన్ను రాదు. రెండవ ప్రపంచయుద్ధమున ఇంగ్లండు తన వైమానికులు క్యారెట్లు తిని చీకటిలో శత్రువిమానములను పట్టుచున్నారని ప్రచారము చేసికొన్నది; నిజమునకు ఆ విమానములలో రాడారు ఉండెను.

కన్ను చూడజాలని వెలుగొకటి కలదని 1800లో విలియం హెర్షెల్ కనుగొనెను. అంతకు పందొమ్మిదేండ్లకు ముందు యురేనస్ గ్రహమును కనుగొన్న ఆ జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు, సూర్యకాంతిని పట్టకముతో విడదీసి ఒక్కొక్క రంగున ఉష్ణమాపకము నుంచి, ఎరుపునకు ఆవల, ఏ రంగును లేనిచోట, పాదరసము మరింత పైకెక్కుట చూచెను. అదియే పరారుణము. అంగడిలో ఈ ఒక్క పేరు క్రింద రెండు భిన్న వస్తువులు అమ్ముడుపోవుచుండుట చాలమందిని మోసగించుచున్నది. ఎరుపును ఆనుకొని 700 నానోమీటర్లు మొదలు ఒక మైక్రాను వరకు నుండు సమీప పరారుణము వెలుగువంటిదే: దీపమునుండి వచ్చును, వస్తువును తాకి తిరిగివచ్చును, నీడ వేయును, గాజునుండి దూరును. 8 మొదలు 14 మైక్రాన్ల నడుమనుండు దూర పరారుణము ఏ దీపమునుండియు రానక్కరలేదు. మన దేహమువలె వెచ్చగా నున్న ప్రతి వస్తువును దానిని తనంత తాను వెదజల్లుచునే యుండును. మొదటిది చూడవలెనన్న టీవీ రిమోటును సెల్‌ఫోను ముందరి కెమెరాకు ఎదురుగా పట్టి మీట నొక్కిన చాలును. కంటికి నల్లగానున్న ఆ చిన్న బుడిపె పెక్కు ఫోనుల తెరపై ఊదారంగున మిణుకుమనును. రెండవదానిని 2020లో మనమందరము ఎరిగితిమి: ప్రతి గుమ్మము వద్దను నుదుటికి ఎదురుగా తుపాకివలె పట్టిన ఆ ఉష్ణమాపకము చదివినది దానినే.

ఇక యంత్రములలో మొదటిది: సైనికులు తలకు తగిలించుకొని పచ్చని చిత్రమును చూచు పరికరమునకు కాంతివర్ధక నాళిక ప్రాణము. దానియందు ముందరి పలకపై పడిన మసకవెలుగు ఎలక్ట్రానులను రాల్చును. సన్నని గాజు గొట్టములు లక్షలకొలది ఒత్తుగా నమర్చిన బిళ్ల నుండి ఆ ఎలక్ట్రానులు గోడలకు కొట్టుకొనుచు పోయి ఒకటి వేలగును. ఆ వేలు వెనుకటి భాస్వర తెరకు తగిలి చిత్రమును వెలిగించును. వియత్నాం యుద్ధమునాటి మొదటి తరము దుర్భిణి కావడివంటి బరువు. 1970 ప్రాంతమున ఈ గొట్టాల బిళ్ల వచ్చి రెండవ తరమైనది. తరువాత గాలియం ఆర్సెనైడు పలక వచ్చి మూడవ తరమైనది. ఈ మూడవ తరము సుమారు 900 నానోమీటర్ల వరకు చూచును. అచ్చటనే దాని మర్మము. అమావాస్యనాడు గూడ ఆకాశము నిజముగా నల్లగా నుండదు; వాతావరణపు పై పొరలలోని అణువులు రాత్రంతయు సమీప పరారుణమున సన్నగా వెలుగుచునే యుండును, చెట్ల ఆకులు ఆ వెలుగును బాగుగా త్రిప్పికొట్టును. కనుక మూడవ తరపు నాళికలో అడవి వెండిపూత పూసినట్లుండును.

ఇది తినునది ఆకాశపు వెలుగు. ఒక పెన్సిల్ బ్యాటరీతో నలుబది గంటలకు చేరువగా నడచునట్టి మితభోజి. ఆ మాటకు వచ్చిన అన్నింటిలోను ఇదియే పొదుపరి. కాని మబ్బు దట్టముగా పట్టిన అమావాస్యనాడు, గుబురైన తోటలో, మూసిన గదిలో దీనికి ఆహారము లేదు. చూపు వైశాల్యము సుమారు 40 డిగ్రీలు మాత్రమే; లోతు తెలియదు. దీనిని పెట్టుకొని కాలువగట్టున నడచువానికి కాలువకు అవతలి మనిషి కనబడును, కాలిక్రింది గుంట తెలియదు.

వెలుగు చాలనప్పుడు తానే వెలుగు తెచ్చుకొనునది రెండవ జాతి. రెండవ ప్రపంచయుద్ధపు తుదినాళ్లలో జర్మనులు 'వాంపైర్' అను పేర తుపాకికి పరారుణ దీపమును, దుర్భిణిని కట్టిరి. 1945లో ఒకినావా ద్వీపమున అమెరికనులు అటువంటిదానిని వాడిరి. నేడు మన వీధులలోని సీసీ కెమెరా దాని మనుమడు: పరారుణమును ఆపు వడపోతను రాత్రివేళ తప్పించుకొని, చుట్టునున్న చిన్నదీపముల వెలుగున నలుపు తెలుపులలో చూచును. ఆ దీపములు 850 నానోమీటర్లవైనచో దూరము పోవును గాని చీకటిలో ఎర్రనిచుక్కలవలె కొంచెము కనబడును. 940వి కనబడవు గాని దూరము తగ్గును. భారతమున ద్రోణపర్వపు రాత్రియుద్ధములో రథములకు, ఏనుగులకు దీపములు కట్టుకొని పోరాడిరి. పగవానిని చూపిన దీపమే తన్నును పగవానికి చూపినది. పరారుణ దీపపు గతియు ఇంతియే. పూర్వము దానిని చూచు కన్ను అరుదు గనుక అది రహస్యము. నేడు ప్రతి చవుక కెమెరాకు ఆ కన్ను కలదు. అయినను ఇంటి వాకిటికి, పశువుల కొట్టమునకు, ధాన్యపు గాదెకు వెల తక్కువలో దీనికి సాటి వచ్చునది లేదు. దొంగ రహస్యమును ఛేదించు ప్రయత్నమున లేడు. మన అవసరము ముఖము గుర్తుపట్టుట.

మూడవది థర్మల్ కెమెరా. 1880 ప్రాంతమున సామ్యుయెల్ లాంగ్లీ అను అమెరికను పండితుడు బోలోమీటరు నిర్మించినపుడు, అది పావుమైలు దూరమున నున్న ఆవు ఒంటి వేడిని పట్టగలదని ప్రసిద్ధి. వేడి తగిలిన లోహపు రేకునందు విద్యుత్తుకు అడ్డు పెరుగును. దానిని కొలుచుటే ఆ యంత్రపు సూత్రము. 1980 తరువాత వనేడియం ఆక్సైడు పూసిన అతిసూక్ష్మపు రేకులను వేలకొలది ఒకే చిప్పుపై పరచి, అమెరికా సైన్యపు ధనముతో హనీవెల్ సంస్థ ఈ సూత్రమునకు కొత్త జన్మమిచ్చినది. 1992లో రహస్యముద్ర తొలగినది. నేటి రేకు పరిమాణము 12 మైక్రాన్లు, అనగా వెంట్రుక మందములో చిన్నపాలు. డిగ్రీలో ఇరువదవ వంతు తేడాను గూడ పసికట్టును.

మా మేనల్లుడు కరెంటు పనుల కాంట్రాక్టరు. సబ్‌స్టేషనులలో వదులైన జాయింటు వేడెక్కుటను దూరమునుండి కనిపెట్టుటకు వాడు కొనుకొన్న కెమెరాను వారము దినములకని అడిగి తెచ్చుకొంటిని. మొదటి రాత్రి పశువులపాకలో దీపమార్పి చూచితిని. గేదె తెల్లని దొడ్డ ముద్దగా, ముట్టెయు పొదుగును మరింత తెల్లగా, కొమ్ముల కొనలు నల్లగా కనబడినవి. దూడ లేచి అవతలికి పోగా, అది పడుకొన్న చోట గడ్డిమీద దాని ఆకారము కొంతసేపు వెలుగుచునే యుండెను. గోడకు అరచేయి ఆనించి తీసినచో ఐదువ్రేళ్ల ముద్ర మిగిలి మెల్లగా ఆరిపోయినది. నీటికుండ పాకలో నెల్ల నల్లని వస్తువు. చెమర్చిన మట్టి ఎట్లు చల్లబడునో పుస్తకమున చదువుట వేరు, ఇట్లు చూచుట వేరు. ఇంటిలోనికి వచ్చి కిటికీ అద్దమునుండి వీధిని చూడబోగా వీధి కానరాలేదు, నా మొగమే కనబడినది: దూర పరారుణమునకు గాజు గోడవంటిది, అందుకే ఆ కెమెరా కంటికి గాజునకు బదులు జెర్మేనియం అను ఖరీదైన మూలకము. నల్లని చెత్తసంచి మాత్రము దానికి పారదర్శకము. సంచిలో చేయి పెట్టి చూపించగా మనుమరాలు కేకలు వేసినది. వంటగదిలో పొయ్యి వెలుగుచుండగా గ్యాసు బండపై ద్రవమెంతవరకు నున్నదో ఆ గీత స్పష్టముగా తెలిసినది. మా ఇంటి ఇల్లాలు అది చూచి, తడిగుడ్డతో బండను ఒకమారు తుడిచి, ద్రవమున్నంతమేర తడి ఆరకుండుటను చూపి, ఊరకుండెను.

ఈ కెమెరా ఎవరి వెలుగును తినదు, తేడాను తినును. పొగలోను, పొదలలోను, అమావాస్యలోను వేడిమి తేడా యున్నంతవరకు చూచును. తేడా సమసిపోయినప్పుడు దీనికి రేచీకటి. డిసెంబరు రాత్రి చలికి నేల చల్లబడగా మనిషి దివిటీవలె కనబడును. మే నెలలో రాత్రి యెనిమిదింటికి, పగలెల్ల ఎండ త్రాగి ముప్పదియైదు డిగ్రీలు దాటి కాగుచున్న గోడముందు నిలిచిన మనిషి గోడలో కలిసిపోవును. ఉదయ సాయంకాలములలో నేలయు, రాయియు, చెట్టును ఒకే వేడికి వచ్చు ఘడియ యొకటి కలదు. అప్పుడు చిత్రము చప్పబడును. కోస్తా తేమగాలి దూరమును తినివేయును, వాన అన్నిటిని ఒకే తడిపూతతో అలికివేయును. ఎడారులలోను, చలిదేశములలోను వ్రాసిన పొగడ్తలను మన తీరమున సగము కోసివేసి చదువుకొనవలెను.

అన్నింటికంటె మన రైతు తెలిసికొనదగిన లోపమొకటి కలదు. రాత్రి కరెంటు వచ్చినదని మోటారు వేయబోవు రైతునకు పంది భయమును, దొంగ భయమును తరువాతివి, మొదటిది పాము. 2000 మొదలు 2019 వరకు ఇరువది యేండ్లలో దేశమున పాముకాటుచే సుమారు 12 లక్షలమంది చనిపోయిరని 2020లో ప్రకటితమైన అధ్యయనపు అంచనా. అధికముగా నష్టపోయిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాము శీతరక్త జీవి. తాను పడుకొన్న నేల వేడియే దాని ఒంటి వేడి. కనుక ఎంత ఖరీదైన థర్మల్ కెమెరాలోనైనను గట్టుమీది కట్లపాము గట్టులో భాగమై యుండును. విచిత్రమేమనగా ఎదుటివాని వేడిని చూచు విద్య సర్పములకే కలదు: కొండచిలువ పెదవులమీది గుంటలును, గుంటపింజరుల కంటికి ముక్కునకు నడుమనున్న గుంటయు పరారుణమును పసికట్టు అవయవములు. మనకు మాత్రము ఆ పాముమీద పని చేయునది తెల్లని వెలుగుగల మంచి టార్చియు, మోకాలి దిగువ వరకు కప్పు బూట్లును, చేతికర్రయు. నేలమీద పడుకొనువానికి అంచులు చాపక్రింద దోపిన దోమతెర. రేచూపు చెడునని పైన చెప్పిన టార్చినే ఇచ్చట పొగడుచున్నాను. మేడమెట్టు వేరు, వరిగట్టు వేరు.

పంటకాపలాలో థర్మల్ కెమెరాకు న్యాయమైన చోటు కలదు. మంచెమీద కూర్చున్నవాడు చేలో పందుల మంద ఏ మూల దిగినదో దూరమునుండియే తెలిసికొని, డబ్బా మ్రోగించి ఆ మూలకే అదల్చవచ్చును. కంచెకు దొంగకరెంటు తగిలించి తెల్లవారి పొరుగువాని శవమును చూచుటకంటె ఇది ఎంతయు మేలు. కాని ఆ కెమెరాను తుపాకికి కట్టినచో కథ మారును. అనుమతి లేనిదే వన్యమృగమును వేటాడుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. అడవికే పరారుణమును మంచికై వాడిన దృష్టాంతము పులుల లెక్క: 2018-19లో దేశమున 26,838 చోట్ల కెమెరాలు కట్టిరి. నల్లమలలో నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యమునను ఇట్టి కెమెరాలే పులుల చారలను చిత్రించి ఒక్కొక్కదానిని గుర్తించుచున్నవి. వేడిలో కలిగిన కదలికను పసికట్టు చిన్న సెన్సరు వీనిని మేల్కొలుపును. అపార్టుమెంటు మెట్లమీద మనిషి రాగానే దీపము వెలిగించునది ఆ సెన్సరే. గృహస్థుని రూపాయికి ఫలమెక్కువగా నిచ్చు పరారుణ పరికరము బహుశః అదియే. అది చూపదు; ఎవరో వచ్చిరని చెప్పును, చాలును.

పరాధీనత బ్యాటరీతో ముగియదు. అమెరికాలో పౌరుడు మూడవ తరపు నాళికను కొనుకొనవచ్చును గాని లైసెన్సు లేక దేశము దాటించుట నేరము. రాత్రిదృష్టి విద్యను అక్రమముగా విదేశములకు చేర్చినందులకు 2007లో ఐటీటీ సంస్థ 10 కోట్ల డాలర్లు చెల్లించుకొన్నది. ఎగుమతి అడ్డంకులు తగ్గునని పెక్కు థర్మల్ కెమెరాలను సెకనునకు 9 చిత్రములకు లోబడి తయారుచేయుదురు; మా పాకలో గేదె తల విదిలించినపుడెల్ల చిత్రము ముక్కలుముక్కలుగా నడచుటకు హేతువు అదియే. కాంతివర్ధక నాళికలు మన దేశమున పుణెలోని భారత్ ఎలక్ట్రానిక్స్ అనుబంధ సంస్థ చేయుచున్నది. రాత్రిదృష్టి పరికరములకు పేరుపొందినది బందరనబడు మన మచిలీపట్నము: 1926లో బడులకు, ప్రయోగశాలలకు శాస్త్రపరికరములు చేయుటకై పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసి, సైన్యమునకు చీకటికన్నులు చేయు కర్మాగారమైనది, కృష్ణాజిల్లా నిమ్మలూరులో దాని క్రొత్త కర్మాగారము 2025 అక్టోబరులో ప్రారంభమైనది. అందులోని సరకు అంగడికి రాదు.

ఆ బందరుకే 1864లో ఉప్పెన వచ్చి 30 వేలమందిని పొట్టనబెట్టుకొన్నది. దాని ప్రక్కనున్న దివిసీమలో 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన పదివేలకు మించిన ప్రాణములు తీసినది. అప్పుడు మన ఆకాశమున మన కన్ను లేదు. 1983లో ఇన్సాట్-1బి ఉపగ్రహము పైకి పోయినది. దానిలో దృశ్యకాంతిని చూచు కన్నుతో పాటు 10.5 మొదలు 12.5 మైక్రాన్ల పరారుణమును చూచు కన్నును ఉండెను; మేఘముల నెత్తి ఎంత చల్లబడిన అంత ఎత్తున, అంత ఉద్ధృతముగా తుఫాను లేచినదని అది రాత్రియందును చెప్పును. 1990 మేలో బందరు ప్రాంతమును కొట్టిన తుఫాను 1977 నాటిదానికి తీసిపోనిదైనను, లక్షన్నర జనమును ముందుగా తరలించుటచేత ప్రాణనష్టము వేయిలోపు నిలిచినది. గేదె ముట్టెను నాకు చూపిన కెమెరాయు, 36 వేల కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహమును ఇంచుమించు ఒకే కిటికీనుండి చూచుచున్నవి. 8 నుండి 14 మైక్రాన్ల నడుమ గాలి తెరచి యుంచిన కిటికీ అది. మన తీరమునకు ఆపత్సన్నాహమను మాటకు దక్కిన గొప్ప రాత్రిదృష్టి ఇదియేనని నా నిశ్చయము. దీనిని ఏ ఒక్క గృహస్థుడును కొనుకొనలేదు, తన గాదెలో దాచుకొనలేదు. ఇల్లు స్వయంపోషకము కావలెననువారి మాటను నేను త్రోసిపుచ్చుట లేదు. దివిసీమలో ఒంటరిగా ఎంత సన్నద్ధుడైనవాడైనను ఆ రాత్రి ఏమి చూచియుండునని అడుగుచున్నాను.

వారము కాగానే మేనల్లుడు కెమెరా కొరకు వచ్చినాడు. తీసి మీట నొక్కెను, తెర వెలుగలేదు. మరల నొక్కెను. "మామయ్యా, చార్జింగ్ పెట్టలేదా?" యని అడిగెను. ముందటి రెండు దినములును మా వీధిలో కరెంటు లేదు.